‘ఇల్లు’ అని రాసి వదిలేసిన పేజీలు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడింటిని ఒకచోట చేర్చాను. మూడూ హైదరాబాదు నుంచి వచ్చినవే. మూడింటిలోనూ ఇల్లు దాటి చెరువుల వెంట, గుట్టల వెంట తిరిగి, మళ్లీ వేళకు ఇల్లు చేరుకున్న పెద్దమనిషి ఒకరు ఉన్నారు. ఆయన ఇప్పుడు లేరు. మొదటి ఉత్తరం పెద్దది, అందులోని చిక్కూ పెద్దదే కనుక దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారు పోయిన ఆషాఢంలో, 71వ ఏట, గుండెపోటుతో కాలం చేశారు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో అకౌంట్స్ విభాగంలో చేరి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసిన మనిషి. ఆయనకు పక్షులన్నా, చెరువులన్నా, రాళ్ల గుట్టలన్నా ప్రాణం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆదివారం తెల్లవారకముందే చేతక్ స్కూటర్ మీద గండిపేటకో, శామీర్‌పేట చెరువుకో, చేవెళ్ల దారిలోని మర్రిచెట్ల కిందికో వెళ్లి, పదిన్నర పదకొండుకల్లా కూరగాయల సంచితో తిరిగి వచ్చేవారు. మేము కాస్త పెద్దయ్యాక నన్నూ అన్నయ్యనూ వంతులవారీగా వెంట తీసుకువెళ్లేవారు. దసరానాడు పాలపిట్టను పంజరంలో పెట్టుకుని వీధిలోకి వచ్చేవాళ్లకు డబ్బు ఇవ్వనిచ్చేవారు కాదు. మమ్మల్ని కీసర వైపు తీసుకువెళ్లి, కరెంటు తీగ మీద స్వేచ్ఛగా కూర్చున్న పాలపిట్ట కనిపించేదాకా తిప్పేవారు. ఒక ఏడాది మధ్యాహ్నం రెండు దాటినా అది కనిపించలేదు, ఇంట్లో పండుగ వంట చల్లారిపోయింది. ఆ సంగతి అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

వచ్చే నెల సంవత్సరీకం. ఆ సందర్భంగా నలభై పేజీల చిన్న పుస్తకం వేయించి బంధువులకు పంచాలని అన్నయ్య సంకల్పం. దానికి ‘కుటుంబమే లోకంగా జీవించిన ధన్యజీవి’ అని పేరు కూడా పెట్టాడు. అది విని అమ్మ, ‘మీ నాన్నకు లోకమే కుటుంబం. ఆదివారం నేను లేచేసరికి పక్కన మంచం ఖాళీ. ఇన్నేళ్లలో ఒక్క ఆదివారం ఆయన నాకు దొరకలేదు. అబద్ధం అచ్చు వేయించకండి’ అంది. అన్నయ్య నొచ్చుకుని రెండు వారాలు ఫోన్ చేయలేదు. నాకు ఇద్దరి మాటా నిజమేననిపిస్తోంది. రాయాల్సింది నేనే. ఏమని రాయను?

ఇంకొక బాధ కూడా ఉంది. పదకొండో రోజున మధ్యాహ్నం పన్నెండున్నరకు అపార్టుమెంటు మేడ మీద పిండం పెట్టి గంటన్నరసేపు ఎదురుచూసినా కాకి రాలేదు. చివరికి ఆవుకు పెట్టారు. శాస్త్రం అందుకు ఒప్పుకుంటుందని పురోహితులు చెప్పారు కానీ, బతికినన్నాళ్లూ పిట్టల వెంట తిరిగిన మనిషికి ఒక్క కాకి రాలేదే అని మా మేనత్త అన్న మాట అమ్మ మనసులో ముల్లులా దిగిపోయింది. ఆయనకేదో తీరని కోరిక ఉండిపోయిందని నేటికీ కుమిలిపోతోంది.

చివరిగా, ఆయన 1981 నుంచి రాసిన నోటు పుస్తకాలు పందొమ్మిది ఉన్నాయి. తేదీ, చోటు, కనిపించిన పక్షులు, వాటి లెక్క. ఉదాహరణకు, ‘15-1-1989. గండిపేట. బాపన బాతులు 22. గూడబాతు 1. చలి.’ వీటిని ఏం చేయాలో తెలియక, పక్షుల లెక్కలున్న పేజీలను ఫోన్‌తో స్కాన్ చేయడం మొదలుపెట్టాను. మధ్యమధ్య తేదీ వేసి ‘ఇల్లు’ అని ఒక్క మాట రాసి వదిలేసిన పేజీలు ఉన్నాయి. కొన్నిచోట్ల ‘పాపకు జ్వరం. ఇల్లు’ అనో, ‘అత్తగారు వచ్చారు. ఇల్లు’ అనో ఉంది. వాటిలో పక్షులేమీ లేవు కనుక వదిలేస్తున్నాను. సరేనా?

– పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: సరికాదమ్మా. మీరు చివర అడిగినదానికే ముందుగా జవాబు చెబుతున్నాను, ఎందుకంటే పై రెండు ప్రశ్నలకు కావలసిన తాళంచెవి ఆ పేజీల్లోనే ఉంది. ఇవాళే కూర్చుని, వదిలేసిన ఆ పేజీలన్నిటినీ స్కాన్ చేయండి.

మీ నాన్నగారు అకౌంట్స్ మనిషి. చెప్పడానికేమీ లేకపోయినా ‘నిల్’ అని రాసి పంపకపోతే మెమో వచ్చే కొలువులో జీవితమంతా గడిపిన మనిషి. పక్షులు చూడటానికి వెళ్లని రోజున ఆ పుస్తకం తెరవాల్సిన అవసరమే ఆయనకు లేదు. ఏ పేజీ ఎందుకు ఖాళీగా ఉందని అడిగే పై అధికారి కూడా లేడు. అయినా తేదీ వేసి, ఆ ఆదివారం తాను ఎక్కడ ఉన్నాడో, ఎందుకు ఉన్నాడో రాసుకున్నారు. గండిపేట, శామీర్‌పేట, చేవెళ్ల అని చోటు రాసే వరసలోనే ‘ఇల్లు’ అని రాశారు. ఇల్లు కూడా ఆయన లెక్కలో ఒక చోటే అన్నమాట. పాపకు జ్వరం వచ్చినందుకు ఒక చలికాలపు ఆదివారం, బాతులు దిగే కాలంలో, గండిపేట మానుకున్నాడంటే అది ఆ మనిషికి చిన్న సంగతి కాదు. ఆ పాప మీరే అయి ఉంటారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ ‘ఇల్లు’ పేజీలను లెక్కపెట్టి, ‘చూశావా అమ్మా, ఇన్ని ఆదివారాలు నాన్న ఇంట్లోనే ఉన్నారు, నీ మాట తప్పు’ అని మీ అమ్మగారి ముందు పెట్టకండి. ఆమె చెప్పింది అక్షరాలా తప్పు కావచ్చు, భావం మాత్రం తప్పు కాదు. ఒకసారి ఆ పేజీలను ఆమె వైపు నుంచి చదవండి. పాపకు జ్వరం వచ్చిన ఆదివారం జ్వరానిది, అత్తగారు వచ్చిన ఆదివారం అత్తగారిది. ఆ రెండు రోజుల్లోనూ మీ అమ్మగారు వంటింట్లోనో, మంచం పక్క తడిగుడ్డతోనో ఉండి ఉంటారు. ఆమె కోసం, ఆమెతో కూర్చోవడం కోసం ఆయన ఆగిపోయిన ఆదివారం ఒకటైనా ఆ పుస్తకాల్లో ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే మీ అమ్మగారికి చూపించండి. లేకపోతే ఆమె ఫిర్యాదు న్యాయమైనదేనని ఒప్పుకోండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట మరొకటి ఉంది. స్కూటర్ మీద వెనక సీటు ఒక్కటే ఉంటుంది. మీ లెక్క ప్రకారం ఆ సీటు మొదట కొన్నాళ్లు ఖాళీగా ఉంది, ఆ తరువాత మీ ఇద్దరికీ వంతులవారీగా వచ్చింది. మీ అమ్మగారి వంతు ఎప్పుడు వచ్చింది? ఆయన రమ్మని అడిగారా? అడిగితే, ఆదివారం పదకొండు గంటలకు ఇంటికి వచ్చేవాళ్లకు అన్నం ఎవరు వండిపెడతారన్న లెక్కతో ఆమె రాలేకపోయారా? ఆ ఇంట్లో ఆ రోజుల్లో ఎవరూ ఈ ప్రశ్న వేసి ఉండకపోవచ్చు. హైదరాబాదు రాష్ట్రపు పక్షులను 1931–32లో సర్వే చేసిన సాలిం అలీకి తొలి సర్వేల్లో ఆయన భార్య తెహ్మినా తోడుగా ఉండేవారు. గుమాస్తా జీతం, ఇద్దరు పిల్లలు, ఒక స్కూటర్ ఉన్న ఇంట్లో ఆ తోడు కుదరకపోవడానికి మీ నాన్నగారిని దోషిగా నిలబెట్టనక్కరలేదు. అలాగని కుదిరినట్టు రాయడం కూడా తగదు.

ఇప్పుడు మీ అన్నగారు పెట్టిన పేరు సంగతి. ఆయన మీద కోపం తెచ్చుకోకండి. దుఃఖంలో ఉన్నవాళ్ల చేతికి ముందుగా అందేవి ఇలాంటి అరువు మాటలే. నా సొంత అనుభవం చెబుతాను. మా నాన్నగారి ప్రథమ వర్ధంతికి పత్రికలో వేయించిన ప్రకటనలో ‘ఆదర్శమూర్తి, మృదుభాషి, నిగర్వి’ అని మేము నలుగురు పిల్లలమూ కూర్చుని, చర్చించి మరీ రాయించాం. ఆ కత్తిరింపు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అందులో మా నాన్న లేరు. మృదుభాషి అన్నది పచ్చి అబద్ధం కూడాను. ఆయన గొంతు వీధి చివరికి వినిపించేది, ఆ గొంతు వినపడకనే కదా ఇల్లంతా బోసిపోయింది!

‘కుటుంబమే లోకంగా’ అన్న మాట వంద వర్ధంతి ప్రకటనల్లో కనిపిస్తుంది. దసరానాడు మధ్యాహ్నం రెండింటిదాకా ఇద్దరు పిల్లలను వెంటేసుకుని కీసర పొలాల్లో పాలపిట్ట కోసం తిరిగిన తండ్రి మాత్రం మీ ఇంట్లోనే ఉన్నాడు. పుస్తకం అక్కడ మొదలుపెట్టండి. దసరాకు పాలపిట్టను చూడాలన్న ఆచారం ఆయనకు సమ్మతమే, రెక్కలు కట్టేసి పంజరంలో తెచ్చిన పిట్టను చూస్తే ఆ ఆచారం తీరుతుందన్న మాటే ఆయనకు సమ్మతం కాదు. అలా పట్టి తిప్పడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. 2014లో పాలపిట్టను తెలంగాణ రాష్ట్ర పక్షిగా ప్రకటించిన తరువాత ఈ విషయం చాలామందికి తెలిసింది. మీ నాన్నగారు అంతకు ఎన్నో ఏళ్ల ముందే, ఎవరూ చెప్పకుండానే, మీ చేత అది పాటింపజేశారు. అయితే ఆ కథ చివర చల్లారిపోయిన పండుగ వంటను వదిలేయకండి. పొద్దున నాలుగింటికి లేచి బూరెలు వండిన మనిషి రెండింటిదాకా గుమ్మంలో నిలబడి చూడటం కూడా ఆ కథలో భాగమే. ఆ భాగం రాయగలిగింది మీ అమ్మగారే.

నేను చెప్పదలచుకున్న అసలు మాటకు ఇప్పుడు వస్తున్నాను. పందొమ్మిది పుస్తకాల్లోని ‘ఇల్లు’ పేజీల జాబితా ఒకటి తయారుచేసుకుని, రోజుకు నాలుగైదు తేదీల చొప్పున మీ అమ్మగారికి చదివి వినిపించండి. ‘1986 డిసెంబరు 7, ఆదివారం, ఇల్లు అని ఉందమ్మా, ఆ రోజు ఏమైంది?’ అని అడగండి. కొన్నింటికి ఆమెకు ఏమీ గుర్తురాదు. కొన్నింటికి ఎవరి పెళ్లిచూపులో, ఎవరి పరీక్షలో, నీళ్లు రాని రోజో, పోట్లాటో బయటికి వస్తాయి. పోట్లాటలనూ రాసుకోండి. ఆయన చోటు పేరు మాత్రమే రాశారు. ఆ చోటులో ఏం జరిగిందో తెలిసిన మనిషి ఆమె ఒక్కరే. ఎడమ పేజీలో ఆయన రాసిన తేదీ, ‘ఇల్లు’ అన్న మాట, కుడి పేజీలో ఆ రోజు గురించి మీ అమ్మగారి మాటల్లో రెండో మూడో వాక్యాలు – నలభై పేజీల్లో సగం ఇలా నిండితే చాలు. అప్పుడు మీ అన్నగారి పేరూ అక్కరలేదు, మీ అమ్మగారి అభ్యంతరమూ ఉండదు. ఆమె ‘ఆదివారం ఆయన నాకు దొరకలేదు’ అన్న వాక్యాన్ని కూడా యథాతథంగా వేయండి. భర్త పోయిన ఏడాదికి కూడా ఆయన ఆదివారాలు కావాలని అడుగుతున్న భార్య మాటను మించిన నివాళిని మీ అన్నగారు ఏ గ్రాంథికంలో రాయగలరు?

మిగిలిన సగంలో ఆయన తిరిగిన చోట్లు ఉండాలి. మీ పిల్లల తరానికి గండిపేట అంటే రిసార్టులు, విల్లాలు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తిన తరువాత, మళ్లీ అలాంటి ఉపద్రవం రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనతో కట్టించిన రిజర్వాయరు అదని, 1920లో అది పూర్తయిందని, హిమాయత్ సాగర్ 1927లో వచ్చిందని రెండు వాక్యాల్లో చెప్పండి. వరద కోసం, తాగునీటి కోసం కట్టిన చెరువుకు హిమాలయాల అవతలి నుంచి చలికాలంలో బాపన బాతులు వచ్చి చేరాయి, వాటిని చూడటానికి మల్కాజిగిరి నుంచి ఒక గుమాస్తా స్కూటరేసుకుని వచ్చాడు. గుట్టల ఫొటోలుంటే అవీ వేయండి. మన నగరపు రాళ్ల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఆయన ఎక్కి కూర్చున్న గుండు ఇప్పటికీ అక్కడ ఉందో, పగలగొట్టి అంతస్తులు లేపారో ఒకసారి వెళ్లి చూసి రాయండి.

కాకి విషయం. మీ మేనత్తగారికి తమ్ముడు పోయిన దుఃఖం ఉంది, ఆమె మాటను అలాగే తీసుకోండి. అయితే దానికి మీ నాన్నగారే జవాబు చెప్పి ఉండేవారని నా నమ్మకం. మన ఊళ్లలో కాకులు రెండు రకాలు: మెడ బూడిదరంగులో ఉండే ఊరకాకి, ఒళ్లంతా నలుపుగా, ముక్కు దళసరిగా ఉండే బొంతకాకి. రెండూ పెద్ద చెట్ల మీద గుంపులుగా రాత్రి గడిపి, పొద్దున్నే మేతకు బయలుదేరతాయి. ఆషాఢపు మధ్యాహ్నం పన్నెండున్నరకు, చుట్టూ చెట్టు లేని అపార్టుమెంటు మేడ మీద, పదిమంది చుట్టూ నిలబడి చూస్తూ ఉండగా, ఆ మేడతో పరిచయమే లేని కాకి ఎందుకు దిగుతుంది? కాకి మన ముహూర్తాన్ని కాదు, తన అలవాటును పాటిస్తుంది. మీ కాలనీలో గత ఇరవై ఏళ్లలో ఎన్ని చింతలు, ఎన్ని రావులు పోయాయో ఒకసారి మీరే గుర్తుచేసుకోండి. కాకి రాకపోవడానికి కారణం పోయిన మనిషి మనసులో కంటే అక్కడ వెతకడమే నయం. ఆ పందొమ్మిది పుస్తకాల్లో మీ వీధి కాకుల సంగతి ఎక్కడైనా ఉందేమో చూడండి. ఉంటే, అవి తగ్గిపోవడాన్ని ఆయన ముందే రాసిపెట్టి ఉండవచ్చు, అది మీ అమ్మగారికి నా మాటకంటే ఎక్కువ ఊరట.

ఆయనకు తీరని కోరిక ఉండిపోయిందన్న మాటను మాత్రం నేను పూర్తిగా కొట్టిపారేయను. నలభై ఏళ్లు ప్రతి ఆదివారం బయలుదేరిన మనిషికి మరుసటి ఆదివారం కూడా వెళ్లాలన్న కోరిక ఉండకుండా ఎలా ఉంటుంది? కాకి రానప్పుడు పెద్దలు ‘ఫలానా పని మేము చేస్తాం, నువ్వు నిశ్చింతగా ఉండు’ అని పైకి చెప్పడం మన ఇళ్లలో ఉన్నదే. సంవత్సరీకంనాడు మీ అమ్మగారు ఆ పుస్తకాల గురించి అలా ఒక మాట చెప్పవచ్చు. ఈసారి పిండం పొద్దున పెందలాడే, నేల మీద, చెట్టున్నచోట పెట్టే వీలుందేమో పురోహితులను అడగండి.

పుస్తకాల పని ఏమిటంటే, ఈ-బర్డ్ అనే ఉచిత వెబ్‌సైటు ఉంది. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర పరిశోధనశాల 2002లో దీన్ని మొదలుపెట్టింది. ప్రపంచమంతటా పక్షులను చూసేవాళ్లు తమ లెక్కలను అందులో నమోదు చేస్తారు. పాత నోటు పుస్తకాల్లోని లెక్కలను కూడా తేదీ, చోటు స్పష్టంగా ఉంటే చేర్చవచ్చు. ఎంతసేపు చూశారో, ఎంత దూరం నడిచారో తెలియనివాటికి ‘హిస్టారికల్’ అనే విభాగం వేరుగా ఉంది. 1981 నుంచి 2002 దాకా గండిపేటలో ఏ చలికాలం ఎన్ని బాతులు దిగాయన్నది ఆ సైటు పుట్టకముందు మాట. అలాంటి లెక్క మీ నాన్నగారి వంటివాళ్ల నోటు పుస్తకాల నుంచి మాత్రమే రావాలి. పేర్ల విషయంలో తొందరపడకండి. ‘గూడబాతు’ అని రాసి ఉంటే అదే రాయండి, శాస్త్రీయ నామం తెలిసిన పక్షిప్రేమికుల చేత ఒకసారి సరిచూపించుకోండి. గూళ్లు ఉన్న కచ్చితమైన చోట్లు రాసి ఉంటే వాటిని బయటపెట్టకండి.

అసలు పుస్తకాలను లామినేషన్ చేయించవద్దు. ఆ వేడికి, జిగురుకు కాగితం పాడవుతుంది, తరువాత విడదీయడానికీ ఉండదు. బిగుతైన ప్లాస్టిక్ కవర్లలోనూ పెట్టవద్దు, వానాకాలపు చెమ్మ లోపలే ఉండిపోతుంది. శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, గోడకు తగలకుండా, నేలకు ఎత్తులో ఉంచండి, ఏడాదికి రెండుసార్లు తీసి గాలి తగలనివ్వండి. పంపకాల మాట వస్తే, అన్నయ్యకు తొమ్మిది, మీకు పది అని విడదీయకండి. ఇవన్నీ ఒక ఇంట్లోనే ఉండాలి, ప్రస్తుతానికి అది మీ అమ్మగారి గది.

పుస్తకం అట్ట మీద ఫొటో గురించి మీరు అడగలేదు కానీ, నేనే చెబుతున్నాను: మీ పెళ్లిలో సూటు వేసుకున్న ఫొటో కాకుండా, మఫ్లరు చుట్టుకుని స్కూటర్ పక్కన నిలబడ్డదేదైనా ఉంటే అది వేయండి.

ప్రశ్న: మా నాన్నగారు ఒక మందుల కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగం చేసేవారు. రాత్రి షిఫ్టు నుంచి వచ్చి కూడా నిద్రపోకుండా అమీన్‌పూర్ చెరువు చుట్టూ ఒక రౌండు వేసి, మమ్మల్ని బడికి దించి, ఆ తరువాతే పడుకునేవారు. ఆయన పేరు మీద ఆ చెరువు గట్టున వంద మొక్కలు నాటి, ఒక్కొక్కదానికి పేరుపలక పెట్టాలనుకుంటున్నాం. దీనిపై మీ సలహా ఏమిటి?

– పాఠకుడు, మియాపూర్

జవాబు: మీ సంకల్పం మంచిదే, చోటు మాత్రం సరైనది కాదు. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగర పరిధిలోని ఒక చెరువుకు ఆ గుర్తింపు రావడం దేశంలో అదే మొదటిసారి. అలాంటిచోట ఎవరికివారు గుంటలు తీసి మొక్కలు నాటడానికి వీలుండదు. వీలున్నా నాటకూడదని నా అభిప్రాయం. రాజహంసలకు, తీతువులకు కావలసింది లోతు తక్కువగా ఉన్న నీళ్లు, బురద, నాలుగు వైపులా కనుచూపు ఆనే బయలు. తీతువు పిట్ట నేల మీద గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది; అది అరిస్తే అశుభమని మనవాళ్లు భయపడతారు కానీ, అది అరిచేది తన గుడ్ల దగ్గరికి మనం వెళ్లినందుకు. మీ నాన్నగారు పొద్దున్నే చూసింది ఆ ఖాళీనే. చెట్లతో దాన్ని నింపితే ఆయన చూసిన చెరువు ఉండదు.

వంద మొక్కలు నాటి ఫొటో దిగి మరిచిపోయేకంటే, మీ కాలనీ పార్కులో, మునిసిపల్ అధికారుల అనుమతి తీసుకుని, మూడు చాలు. మూడు వేసవులు మీ ఇంటి నుంచి నీళ్లు మోసుకెళ్లి పోయగలిగినన్ని మాత్రమే నాటండి. నేరేడు, కానుగ, వేప – మన నేలకు అలవాటైనవి. పచ్చగా త్వరగా పెరుగుతుందని నర్సరీవాళ్లు కోనోకార్పస్ అంటగడతారు, తీసుకోకండి. చోటు పెద్దదైతే చింత నాటండి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు 1908 వరదలో సుమారు 150 మందిని తన కొమ్మల మీద నిలుపుకుని కాపాడింది. ఏటా సెప్టెంబరు 28న ఆ చెట్టు కింద జనం చేరి పోయినవారిని తలచుకుంటారు. ఆ చింతను ఎవరి జ్ఞాపకార్థమూ నాటలేదు.

పేరుపలకలు వద్దు. ఒక రాతి బెంచి వేయించి, దాని మీద ఆయన పేరు కింద, రాత్రి షిఫ్టు నుంచి వచ్చి అమీన్‌పూర్ చెరువు చుట్టూ నడిచేవారు అన్న సంగతి ఒక్క వాక్యంలో చెక్కించండి. డబ్బు ఇంకా మిగిలితే నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో జంతువులను దత్తత తీసుకునే పథకం ఉంది. ఒక పక్షి మేత ఖర్చు ఆయన పేరున భరించవచ్చు. పంజరంలోని పక్షికి ఆయన ఇష్టపడేవారా అన్నది మీ ఇంట్లోవాళ్లే ఆలోచించుకోవాలి.

ప్రశ్న: మా అబ్బాయికి ఆరేళ్లు. మా మామగారు వాడిని ప్రతి ఆదివారం మహావీర్ హరిణ వనస్థలికి తీసుకువెళ్లి కృష్ణజింకలను చూపించేవారు. ఆయన పోయి నాలుగు నెలలైంది. ‘తాత ఎప్పుడు వస్తాడు, జింకల దగ్గరికి ఎప్పుడు వెళ్దాం’ అని వాడు అడిగినప్పుడల్లా మా వారు లేచి బయటికి వెళ్లిపోతున్నారు. తాత ఊరు వెళ్లాడని చెబుతున్నాం. ఎన్నాళ్లని చెప్పాలి?

– పాఠకురాలు, వనస్థలిపురం

జవాబు: ఇక ఒక్కరోజు కూడా చెప్పకండి. ఊరు వెళ్లినవాళ్లు తిరిగి రావాలి కదా. రాకపోతే తన మీద కోపం వచ్చిందనుకుంటాడు పిల్లవాడు. తాత చనిపోయాడు, ఇక రాడు, నిన్ను వదిలి వెళ్లాలని ఆయన వెళ్లలేదు – ఈ మూడు మాటలు మీ వారే చెప్పాలి. చెబుతూ ఆయన ఏడిస్తే ఏడవనివ్వండి. తాత కోసం నాన్న కూడా ఏడుస్తాడని తెలియడం వాడికి మంచిదే, ఇప్పటిదాకా నాన్న లేచి వెళ్లిపోవడమే చూశాడు.

వాడి ప్రశ్నలో రెండు సగాలున్నాయి. మొదటి సగానికి మీరేమీ చేయలేరు, రెండో సగానికి వచ్చే ఆదివారమే జవాబు ఇవ్వవచ్చు. మహావీరుని నిర్వాణానికి 2500 ఏళ్లు నిండిన సందర్భంగా 1975లో ఆ వనానికి ఆ పేరు పెట్టారని మీ మామగారు వాడికి చెప్పే ఉంటారు. చెప్పకపోతే మీ వారు చెప్పాలి. మగ కృష్ణజింకకే మెలికలు తిరిగిన పొడవాటి కొమ్ములుంటాయని, ఆడదీ పిల్లా లేత గోధుమరంగులో ఉంటాయని వాడే నాన్నకు నేర్పుతాడు, నేర్పనివ్వండి. మీ మామగారు ఏ దారిన నడిచేవారో, ఎక్కడ ఆగి నీళ్లు తాగేవారో వాడికే తెలుసు, వాడినే ముందు నడవమనండి.

ఆయన బైనాక్యులర్స్ ఉంటే వెంట తీసుకువెళ్లండి. పట్టీ వాడి మెడకు పొడవవుతుంది, మధ్యలో ఒక ముడి వేయాలి.